70 అక్షరాల్లో ఒక హెచ్చరిక

ఆ రాత్రి 11:20కి ఫోన్ మోగింది. మా హాస్టల్ వాచ్‌మన్. పిల్లలంతా ఆయన్ని తాతా అంటారు, నాకూ అదే అలవాటైంది. "మేడమ్, మెస్ ఎనకాల పులి పోతా ఉండాది. కండ్లారా చూసినా. కెమెరాలో కూడా పడింటాది" అన్నాడు. మా వైపు చిరుతనూ పులి అనే అంటారు. గొంతులో వణుకు లేదు. కానీ పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు చాలా మెల్లగా చెప్పాడు.

అది 2023 కార్తీక మాసం. అప్పటికి మూడు నెలల కిందట, ఆగస్టు 11 రాత్రి, అలిపిరి నడక దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. తిరుపతి మొత్తం ఆ దిగులు నుంచి ఇంకా తేరుకోలేదు. కొండకు నడిచి వెళ్లేవాళ్ల చేతికి కర్రలిస్తున్నారు. చిన్నపిల్లలున్న వాళ్లను మధ్యాహ్నం 2 దాటితే నడక దారిలోకి వదలడం లేదు. మా క్యాంపస్ శేషాచలం కొండల అంచునే ఉంటుంది. మా కాంపౌండ్ గోడ అవతల ఉన్నదంతా అడవే. జింకలు, అడవి పందులు వచ్చి పోతుంటాయి, వాటి వెనకే చిరుతా వస్తుంది. కుక్కలు ఎక్కువుంటే ఇంకా తొందరగా వస్తుంది.

నేను పాఠాలు చెప్పే మనిషిని. డిప్యూటీ వార్డెన్ బాధ్యత అదనం. ఫోన్ పెట్టేసిన వెంటనే నాకు గుర్తొచ్చింది రీడింగ్ రూమ్. సెమిస్టర్ పరీక్షల రోజులవి. రీడింగ్ రూమ్ హాస్టల్‌కు 300 మీటర్ల దూరం, మధ్యలో చెట్ల దారి. పిల్లలు పన్నెండు గంటలకు పుస్తకాలు సర్దుకుని గుంపుగా నడిచి వస్తారు.

పై అధికారికి ఫోన్ చేశాను. "రిజిస్ట్రార్ గారిని అడక్కుండా గ్రూపులో ఏమీ పెట్టొద్దమ్మా, పిల్లలు పానిక్ అవుతారు" అన్నారు. రిజిస్ట్రార్ గారికి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. అర్ధరాత్రి నిద్రపోతున్న మనిషిని తప్పు పట్టలేం. తాత మాత్రం ఎవరినీ అడగలేదు. గేటు పక్కన చింతచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్కను ఇనప కడ్డీతో గణగణా కొట్టడం మొదలుపెట్టాడు. హాస్టల్‌లో అందరూ లేచారు. గదుల్లో లైట్లు వెలిగాయి. ఎందుకు కొడుతున్నాడో తెలియక కొంతమంది వరండాల్లోకి, ఇంకొంతమంది కిందికి, అంటే చిరుత ఉన్న వైపుకే వచ్చేశారు.

నేను కారు తీసుకుని రీడింగ్ రూమ్‌కు వెళ్లాను. 14 మంది ఉన్నారు. మూడు విడతలుగా కారులో ఎక్కించి దించేసరికి 12:25 అయింది. ఆ గంటలో పిల్లల వాట్సాప్ గ్రూపులో చిరుత ఫొటో ఒకటి తిరిగింది. ఎప్పటిదో, ఏ ఊరిదో. "హాస్టల్ మెట్ల మీద" అని ఎవరో కింద రాశారు. ఆ ఫొటో చూసి మూడో అంతస్తులో ఒకమ్మాయి స్పృహ తప్పింది.

మరుసటి రోజు 11 గంటలకు సర్క్యులర్ వచ్చింది, ఇంగ్లిష్‌లో, నోటీసు బోర్డుకు అంటించారు. చిరుత కనిపించిన 11 గంటల 40 నిమిషాల తర్వాత. హాస్టల్‌లో ఉండేవాళ్లంతా జాగ్రత్తగా ఉండాలన్నది దాని సారాంశం. ఎక్కడ కనిపించింది, ఎన్నింటికి, ఇప్పుడేం చెయ్యాలి, ఈ మూడింటిలో ఒక్కటీ అందులో లేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే ఆ విషయం అక్కడితో ముగిసిపోయేది. కానీ తిరుపతిలో చదివే పిల్లలందరూ తిరుపతి వాళ్లు కారు. పుంగనూరు, పీలేరు, మదనపల్లె, కుప్పం నుంచి తల్లిదండ్రులు తెచ్చి మా చేతుల్లో పెట్టి పోతారు. టమాటా తోటలో, పాల సొసైటీలో, పట్టు పురుగుల షెడ్డులో పనిచేసే చేతులవి. ఆ నమ్మకానికి మేం జవాబు చెప్పాలనిపించింది. వారం తర్వాత కమిటీ వేశారు. నేనే అడిగి చేరాను.

మొదట అనుకున్నది తేలిక పని. పిల్లలందరికీ ఒకేసారి ఎస్ఎంఎస్ పోవాలి, అంతే కదా. వాట్సాప్ గ్రూపు చాలదని ఆ రాత్రే తెలిసింది. గ్రూపులో 1024 మందికి మించి పట్టరు, ఎవరేం పెట్టినా అందరికీ పోతుంది, రాత్రి సగం మంది మ్యూట్‌లో పెడతారు. అదే ఏడాది ప్రభుత్వం దేశమంతా ట్రయల్‌గా ఫోన్లను గట్టిగా మోగించి విపత్తు హెచ్చరిక పంపింది, గుర్తుందా? సైలెంట్‌లో ఉన్నా మోగే పద్ధతి అది. అలాంటిది దొరికితే ఎంత బాగుండు అనుకున్నాను. కానీ అది టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ప్రభుత్వ యంత్రాంగం పంపేది, ఒక క్యాంపస్ చేతికి ఇచ్చేది కాదు. మాకు మిగిలింది మామూలు బల్క్ ఎస్ఎంఎస్.

దానికి డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ కావాలని అప్పుడే తెలిసింది. మోసపు మెసేజ్‌లు, అక్కర్లేని ప్రకటనలు ఆపడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన ఏర్పాటు. ముందు సంస్థ పేరు నమోదు చేయాలి. పాన్ కార్డు, అధికారిక లేఖ, సంతకం చేసే అధికారి వివరాలు ఇవ్వాలి. తర్వాత మెసేజ్ ఎవరి పేరు మీద వస్తుందో ఆ ఆరు అక్షరాల హెడర్‌కు అనుమతి. ఆ తర్వాత టెంప్లేట్. అంటే మనం పంపబోయే వాక్యాన్ని ముందే రాసి, మారే మాటల చోట ఖాళీలు వదిలి, ఆమోదం తెచ్చుకోవాలి. ఆమోదం లేని వాక్యం పోదు, మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి ఆపద రాకముందే ఆ ఆపదకు మాటలు రాసి పెట్టుకోవాలి. చిరుత, పాము, వరద, నిప్పు, కరెంటు తీగ తెగడం, గ్యాస్ లీకు, గుంపు, గొడవ, నేరం. మా ఆఫీసు సీనియర్ అసిస్టెంట్, నేను కూర్చుని ఒక మధ్యాహ్నమంతా మా క్యాంపస్‌లో ఏమేం జరగొచ్చో రాశాం. ఆయన 26 ఏళ్ల సర్వీసులో చూసినవన్నీ చెప్పుకుంటూ పోయాడు. అన్నీ విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలుగులో రాద్దామని నేను పట్టుబట్టాను. ఇంగ్లిష్ చాలని కమిటీలో ఇద్దరన్నారు. అర్ధరాత్రి నిద్రలేచి ఫోన్ చూసే పిల్లకు, మెస్‌లో వంట చేసే అక్కకు, గేటు దగ్గర తాతకు ఏ భాష మొదట బుర్రకెక్కుతుందో అదే ఉండాలన్నాను. ఒప్పుకున్నారు. అప్పుడు 70 అక్షరాల చిక్కు వచ్చింది. ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70. అది దాటితే రెండు మెసేజ్‌ల లెక్క. పైగా మనం ఒక్క అక్షరం అనుకునేదాన్ని యంత్రం ఒకటిగా చూడదు. గుడి, కొమ్ము, పొల్లు, సున్న, వత్తు అన్నిటినీ విడివిడిగా లెక్కపెడుతుంది. "చిరుత" మనకు మూడక్షరాలు, దానికి అయిదు. "విశ్వవిద్యాలయం" అన్న ఒక్క మాటకే 14.

ఆఫీసు నుంచి వచ్చిన మొదటి ముసాయిదా "విద్యార్థినులందరికీ తెలియజేయడమేమనగా" అని మొదలైంది. పెన్సిల్‌తో ఒక్కొక్కటే గీసుకుంటూ లెక్కపెట్టాను. ఆ రెండు మాటలకే 35 పోయాయి. సరిగ్గా సగం. చిరుత ఇంకా రానేలేదు.

చివరికి కాగితం మీద మిగిలింది ఇది: "మెస్ వెనక చిరుత కనిపించింది. బయటికి రావద్దు. తలుపులు వేసుకోండి." మొత్తం 63. కానీ చివర సంస్థ పేరు ఉండాలన్నారు. ఇంకో ఏడెనిమిది అక్షరాలు కావాలి. తాతను పిలిచి చదివి వినిపించాను. "కనిపించింది ఎందుకు మేడమ్, ఉండాది అంటే సరిపాయె కదా" అన్నాడు. "కనిపించింది" 11, "ఉంది" 4. ఏడు అక్షరాలు మిగిలాయి. ఆ మార్పు మీద కమిటీలో అరగంట వాదన జరిగింది. కనిపించింది అంటే ఎవరో చూశారని, ఉంది అంటే మనమే ఖాయం చేస్తున్నామని. నేను మొదట "కనిపించింది" వైపే ఉన్నాను, అదే కచ్చితమైన మాట కాబట్టి. ఆలోచించే కొద్దీ తాత మాటే సరైందనిపించింది. ఎవరో చూశారట అంటే, నిజమా కాదా అని కిటికీ దగ్గరకు వెళ్లి చూసేవాళ్లుంటారు. ఉంది అంటే తలుపు వేసుకుంటారు. మెసేజ్‌లో "ఉంది" అని రాశాం. దానికి బదులుగా ఒక నియమం పెట్టుకున్నాం. ఒక మనిషి కళ్లతో గానీ కెమెరాలో గానీ చూడకుండా ఆ మెసేజ్ పంపకూడదు.

రెండు టెంప్లేట్లు తిరిగొచ్చాయి. ఖాళీలు ఎక్కువయ్యాయన్నారు. తిరిగి రాసి పంపాం. ఇదంతా తేలడానికి రెండు నెలలు పట్టింది.

ఈలోగా ఫోన్ నంబర్ల పని పెట్టుకున్నాం. అడ్మిషన్ల రికార్డులో ప్రతి విద్యార్థినికీ నంబరుంది. ఆ జాబితాకే మొదటి ట్రయల్ మెసేజ్ పంపాం. "ఇది పరీక్ష మాత్రమే" అన్న మాటతో. పది నిమిషాల్లో నా ఫోన్ ఆగకుండా మోగింది. కొందరు పిల్లలు "ఏ పరీక్ష మేడమ్, టైమ్‌టేబుల్ మారిందా?" అని అడిగారు. సెమిస్టర్ రోజుల్లో పరీక్ష అన్న మాట చూస్తే ఇంకేం అనుకుంటారు? అంతకంటే నన్ను కుదిపేసింది తండ్రుల ఫోన్లు. ఒకాయన పలమనేరు దాటి పాల వ్యాన్ నడుపుతూ, పక్కకు ఆపి మాట్లాడాడు. "మేడమ్, పులి అని మెసేజ్ వచ్చినాది. మా పాప యాడుండాది? నిజం చెప్పండి మేడమ్, దాచొద్దు" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పాపను పిలిపించి ఫోన్ ఇచ్చాను. "నాయనా, ఏం లేదు నాయనా" అని ఆ పిల్ల చెబుతుంటే కూడా ఆయన రెండు మూడుసార్లు అడిగాడు.

ఎందుకిలా జరిగిందో చూస్తే, అడ్మిషన్ ఫారంలో ఓటీపీ కోసం ఇచ్చిన నంబర్లవి. సగానికి పైగా తండ్రులవి, అన్నలవి. ఒకే నంబరు 41 మంది పేర్ల పక్కన ఉంది. ఫోన్ చేస్తే ఒక నెట్ సెంటర్ అబ్బాయి ఎత్తాడు. దరఖాస్తులు నింపిన రోజు తన నంబరే పెట్టాడట. చిరుత వచ్చి ఉంటే ఆ అబ్బాయికి 41 మెసేజ్‌లు పోయి ఉండేవి, పిల్లలకు ఒక్కటీ పోయేది కాదు.

అప్పటి నుంచి నంబర్లు గదిగదికీ తిరిగి రాసుకున్నాం. రాసుకున్న నంబరుకు అక్కడే రింగ్ ఇచ్చి, ఆ పిల్ల చేతిలో మోగితేనే టిక్ పెట్టాం. సొంత ఫోన్ లేనివాళ్లు 23 మంది తేలారు. వాళ్ల పేరు పక్కన గదిలో ఉండే ఇంకో ఇద్దరి నంబర్లు. ట్రయల్ మాటలు కూడా మార్చాం: "ఇది టెస్ట్ మెసేజ్. ప్రమాదం ఏమీ లేదు." తల్లిదండ్రులకు వేరే జాబితా, వాళ్లకు ఆపద తీరాక పోయే మెసేజ్ మాత్రమే.

మా అక్క కూతురు అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. ఈ గొడవంతా ఒక ఆదివారం ఫోన్లో చెబితే, "పిన్నీ, నాకు వారానికి ఒకటైనా వస్తుంటుంది చూడు" అని తన ఫోన్లోని మెసేజ్‌ల ఫొటోలు పంపింది. ఒకటి తుపాను గాలి గురించి. ఇంకోటి చదివి నేను ఆగిపోయాను. క్యాంపస్ పక్క వీధిలో రాత్రి 9:40కి ఒక విద్యార్థిని బెదిరించి ఫోన్ లాక్కున్నారు, ఇద్దరు, ఇలాంటి బట్టలు, ఫలానా వైపు వెళ్లారు, ఏమైనా తెలిస్తే ఈ నంబరుకు చెప్పండి. బాధితుడి పేరు లేదు. "ఇంత బాహాటంగా చెబితే మీ యూనివర్సిటీ పరువు పోదా?" అని అడిగాను. "చెప్పకపోతేనే కేసు పిన్నీ, ఇక్కడ చట్టం ఉంది" అంది.

ఆ చట్టం వెనక ఒక అమ్మాయి ఉంది. జీన్ క్లెరీ, 19 ఏళ్లు. పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో చదువుతూ 1986 ఏప్రిల్ 5న తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. చంపినవాడు అక్కడి విద్యార్థే. తాళం పడాల్సిన తలుపులు తెరిచే ఉండటంతో లోపలికి రాగలిగాడు. ఆ క్యాంపస్‌లో అంతకుముందే ఎన్నో నేరాలు జరిగాయని, అవేవీ తమకు ఎవరూ చెప్పలేదని తల్లిదండ్రులకు తర్వాత తెలిసింది. తెలిసుంటే బిడ్డను అక్కడికి పంపేవాళ్లం కాదన్నది వాళ్ల బాధ. వాళ్ల పోరాటంతోనే 1990లో అక్కడ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి కాలేజీ తన ఆవరణలో జరిగిన నేరాల లెక్కను ఏటా అక్టోబర్ 1లోపు బయటపెట్టాలి. క్యాంపస్ పోలీసు గానీ భద్రతా విభాగం గానీ ఉన్న చోట, ఫిర్యాదు అందిన రెండు పనిదినాల్లో ఎవరైనా చూడగలిగే రిజిస్టరులోకి ఎక్కించాలి. ఇంకా ముప్పు పొంచి ఉన్న నేరమైతే వేళకు హెచ్చరించాలి, బాధితుల పేరు బయటపెట్టకుండా.

వేళకు అంటే ఎంత వేళ అన్నది 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో తేలింది. ఉదయం 7:15 ప్రాంతంలో ఒక హాస్టల్‌లో ఇద్దరిని కాల్చేశారు. విద్యార్థులకు మొదటి ఈమెయిల్ 9:26కి వెళ్లింది. 9:40 ప్రాంతంలో అదే హంతకుడు ఇంకో భవనంలో తరగతి గదుల్లోకి వెళ్లి 30 మందిని చంపాడు. వాళ్లలో పాఠం చెబుతున్న ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ ఒకరు, మన పక్కనున్న తమిళనాడులో పుట్టిన మనిషి. ముంబయి నుంచి వెళ్లిన విద్యార్థిని మీనల్ పంచాల్ ఒకరు. ఆ తర్వాత 2008లో చట్టానికి ఇంకో భాగం చేర్చారు. ప్రాణాపాయం ఖాయమైన క్షణం నుంచి ఆలస్యం లేకుండా చెప్పాలి, ఆ ఏర్పాటును ఏడాదికి ఒకసారైనా పరీక్షించి చూడాలి.

7:15, 9:26. ఈ రెండు అంకెలు ఒక కాగితం మీద రాసి, పక్కన మా 11:20, మరుసటి రోజు 11:00 రాసుకుని, కమిటీ మీటింగుకు తీసుకెళ్లాను. బటన్ నొక్కే అధికారం ఎవరిదన్న విషయం అంతవరకూ తేలకుండా ఉంది. ఫైలు మీద "సంబంధిత అధికారి ఆమోదంతో" అని రాసి ఉంది. ఆ ఆమోదం అన్న మాటే ఆ రాత్రి మమ్మల్ని గంటసేపు కట్టేసిందన్నాను. ఎవరూ కాదనలేదు. డ్యూటీలో ఉన్న డిప్యూటీ వార్డెన్, సెక్యూరిటీ ఇన్‌ఛార్జి, రాత్రి డ్యూటీ టీచర్, ఈ ముగ్గురిలో ఎవరైనా ఎవరినీ అడగకుండా పంపొచ్చని ఉత్తర్వు వచ్చింది. పంపాక పైవాళ్లకు చెబితే చాలు. మంచి నమ్మకంతో పంపింది తప్పని తేలినా చర్య ఉండదన్న వాక్యం కూడా చేర్పించాను. ఆ వాక్యం లేకపోతే ఎవరి వేలూ బటన్ మీదకు పోదు.

నేరం దగ్గరే అసలు పేచీ వచ్చింది.

హాస్టల్ వెనక గేటు నుంచి మెయిన్ రోడ్డుకు ఒక దారి ఉంది. జిరాక్స్ షాపు, టిఫిన్ బండి అటే. 2024లో ఒక నెల రోజుల్లో ముగ్గురు అమ్మాయిలు, ఒకరికొకరు తెలియని వాళ్లు, వేర్వేరుగా నా దగ్గరకు వచ్చి ఒకటే చెప్పారు. సాయంత్రం ఏడు ప్రాంతంలో, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, నల్ల బైక్, వెనక నుంచి వచ్చి చెయ్యి వేసి పోతాడు. మూడో అమ్మాయి చున్నీ లాగడంతో పడిపోయి మోచెయ్యి గీరుకుపోయింది. గాయాన్ని కడిగి మందు రాస్తుంటే ఆ పిల్ల అడిగిన మాట: "మేడమ్, ఇంతకుముందు ఎవరికైనా ఇలా జరిగిందా?" జరిగిందని నాకు తెలుసు. ఇద్దరికి. మొదటి ఇద్దరూ చెప్పినప్పుడు పైకి రాసి పంపి, వాచ్‌మన్‌ను ఆ గేటు దగ్గర నిలబెట్టి, పని అయిందనుకున్నాను. మిగతా పిల్లలకు చెప్పలేదు. ఆ మోచేతి మీది రక్తంలో నా మౌనానికీ భాగం ఉంది.

చిరుత మెసేజ్‌కు తల ఊపిన వాళ్లే ఈ మెసేజ్‌కు అడ్డు చెప్పారు. "అమ్మాయిల హాస్టల్ అమ్మా, బయటికి పొక్కితే అడ్మిషన్లు పడిపోతాయి." "తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించి తీసుకుపోతారు." "పోలీసులకు చెప్పాం కదా, చాలు." ఇందులో రెండో మాట అబద్ధం కాదు. మా జిల్లాల్లో ఆడపిల్ల చదువు ఇప్పటికీ ఒక వదంతికి ఆగిపోతుంది, నేను చూశాను. కానీ దాచితే ఆగిపోయేది చదువొక్కటే కాదు. చిరుత అడవి నుంచి వస్తుంది కాబట్టి అందులో మన తప్పు లేదు, ధైర్యంగా చెబుతాం. మనిషి వస్తే మన కాపలా లోపం బయటపడుతుందని దాస్తాం. నాకు అర్థమైంది ఇంతే, ఇదే మాట మీటింగులో చెప్పాను. గొంతు వణికింది.

యూజీసీ 2015లోనే విద్యార్థుల భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాగింగ్ మీద 2009 నిబంధనలు, హెల్ప్‌లైన్ ఉన్నాయి. లైంగిక వేధింపులపై విచారణకు అంతర్గత కమిటీ ఉండాలి, మాకూ ఉంది. కానీ ఇవన్నీ ఫిర్యాదు చేసిన అమ్మాయికి న్యాయం కోసం. రేపు అదే దారిలో నడవబోయే అమ్మాయికి ఈరోజే చెప్పే బాధ్యత మేమే తలకెత్తుకోవాలి.

ఆ ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. పేరు, గది, చదివే డిపార్ట్‌మెంట్, ఏ తేదీన అన్నవి మెసేజ్‌లో ఉండవని రాసి చూపించాను. ఒకమ్మాయి "మోచెయ్యి సంగతి రాయొద్దు మేడమ్, కట్టు చూసి కనిపెట్టేస్తారు" అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. తీసేశాను. పోలీసు ఫిర్యాదుకు ఇద్దరు ఒప్పుకున్నారు, నేను తోడు వెళ్లాను. ఎస్ఐ గారు ముందుగా చెప్పింది ఒక్కటే, బైక్ నంబరు ఊహించి రాయొద్దు, తప్పయితే అమాయకుడి మీద జనం పడతారు. అదీ పాటించాం.

పంపింది ఇది: "వెనక గేటు రోడ్డులో సాయంత్రం 7 ప్రాంతంలో హెల్మెట్ పెట్టుకుని నల్ల బైక్‌పై వచ్చే వ్యక్తి అమ్మాయిలను వేధిస్తున్నాడు. పోలీసులకు ఫిర్యాదు చేశాం. ముందు గేటు నుంచి వెళ్లండి. ఏమైనా జరిగితే 112కు, వార్డెన్‌కు ఫోన్ చేయండి. మీ పేరు బయటికి రాదు." ఒంటరిగా తిరగొద్దు, పద్ధతిగా ఉండండి లాంటి మాటలు చేర్చాలని ఒకరు సూచించారు. ఒప్పుకోలేదు. తప్పు చేసినవాడు బైక్ మీద ఉన్నాడు, నడిచి వెళ్తున్న పిల్లకు నీతులు ఎందుకు? ఇది 70లో పట్టలేదు, నాలుగు మెసేజ్‌ల లెక్క పడింది. పడనీ.

సాయంత్రం 5:30కి పంపాను. వేలు బటన్ మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను, ఆ టెన్షన్ చెప్పలేను. రేపటికి ఎంతమంది తండ్రులు వస్తారో అనుకున్నాను. ఇద్దరు వచ్చారు. ఒకాయన గట్టిగా మాట్లాడి, కాసేపటికి "చెప్పింది మంచిదే మేడమ్" అని కూతుర్ని చూసి వెళ్లిపోయాడు. ఎవరూ చదువు మాన్పించలేదు. ఆ రాత్రి తొమ్మిది దాటాక నా గది తలుపు తట్టిన వాళ్లు అయిదుగురు. "నాకూ జరిగింది మేడమ్. నాకొక్కదానికే అనుకున్నా." ఒకమ్మాయిది ఆరు నెలల కిందటి మాట. ఆ అయిదుగురి మాటలతో పోలీసులకు వేళ, దారి స్పష్టంగా తెలిశాయి. వారంపాటు మఫ్టీలో ఒక మహిళా కానిస్టేబుల్ ఆ దారిలో నిలబడింది. ఆ నల్ల బైక్ మళ్లీ అటు రాలేదు. మనిషి దొరకలేదు. అది నాకు ఇప్పటికీ ముల్లులాగే ఉంది. గేటు దగ్గర రెండు లైట్లు వేయించాం, ఏడింటికి సెక్యూరిటీ మనిషి అక్కడే కూర్చుంటాడు.

చిరుత మెసేజ్ ఇప్పటికి మూడుసార్లు పంపాం. ఒకసారి అడవి పిల్లిని చూసి పొరపడ్డారు. అటవీ శాఖ వాళ్లు వచ్చి పాదముద్రలు చూసి చెప్పారు. అరగంటలో "గాలించారు. చిరుత లేదు. బయటికి రావచ్చు" అని పంపాం. ఆపద తీరిందన్న మెసేజ్ పంపడం మరిచిపోతే, తర్వాతి హెచ్చరికను సగం మంది పట్టించుకోరు. దానికి బాధ్యత మొదటి మెసేజ్ పంపిన వాళ్లదే అని పెట్టాం.

ఎస్ఎంఎస్ ఒక్కటే నమ్ముకోలేదు. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లం. ఆ 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు వాగులైనప్పుడు కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. ఆ తర్వాత రెండు రోజులకు రాయలచెరువు కట్ట తెగిందని పుకారు లేచి పిల్లలు అల్లాడిపోయారు. కట్ట నిలబడిందని చెప్పడానికి వరండాల్లో అరుచుకుంటూ తిరిగాం. అందుకే ప్రతి అంతస్తులో బ్యాటరీ మైకు పెట్టించాం. తాత గంట అలాగే ఉంది, దానికి ఇప్పుడు అర్థం ఉంది. ఆపకుండా కొడితే ఎక్కడున్నవాళ్లు అక్కడే లోపల ఉండాలి. మూడేసి దెబ్బలు, ఆగి మళ్లీ మూడేసి దెబ్బలు కొడితే కిందికి దిగి ముందు మైదానంలోకి రావాలి, అది నిప్పుకు. తాత బటన్ ఫోన్లో తెలుగు మెసేజ్ వస్తే వరసగా డబ్బాలు కనిపిస్తున్నాయి, ఒక్క అక్షరం కనిపించడం లేదు. మెస్ వాళ్లలో ఇంకో ఆరుగురివి అలాంటి ఫోన్లే. వాళ్లకు రికార్డు చేసిన కాల్ వెళ్లేలా చేశాం. గొంతు నాదే.

ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం 6 గంటలకు టెస్ట్. మొన్న కొత్త బ్యాచ్ వచ్చాక మొదటిసారి పంపాం. తాత గంట కొట్టాడు. కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల మెట్ల మీద నిలబడి "ఏమైంది తాతా?" అని అడిగింది. "ఏమీ లేదు మ్మా, టెస్టు. మేడమ్ మెసేజ్ వచ్చింటాదే, నీకు రాలేదా?" అన్నాడు. ఆ పిల్ల ఫోన్ తీసి చూసింది. మళ్లీ చూసింది. రాలేదు. నేను పక్కనే ఉన్నాను, గది నంబరు అడిగి రాసుకున్నాను. 214.